మక్కాలో చివరి రోజు: వీడ్కోలు తవాఫ్ ఎప్పుడు, ఎలా?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. మాది నంద్యాల. హజ్ కమిటీ ద్వారా మావారు, మా అత్తమ్మ, నేను వచ్చాం. హజ్ అయిపోయి ఇప్పుడు మక్కాలో అజీజియా బిల్డింగ్‌లో ఉన్నాం. వచ్చే బుధవారం మధ్యాహ్నం మూడింటికి బస్సు, ఆ రాత్రే జిద్దా నుంచి హైదరాబాద్ విమానం. తవాఫె విదా (మక్కా విడిచే ముందు కాబా చుట్టూ ఏడు చుట్లు తిరిగే వీడ్కోలు తవాఫ్) గురించి తలా ఒకటి చెబుతున్నారు. చేశాక నిద్రపోకూడదని ఒకరు, ఏమీ కొనకూడదని ఒకరు, కాబాకు వీపు చూపకుండా వెనక్కి నడుచుకుంటూ రావాలని ఇంకొకరు. నా నెలసరి తేదీ కూడా సరిగ్గా అప్పుడే. వస్తే దమ్ (పరిహారంగా జంతుబలి) ఇవ్వాలా? అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి, మినా నుంచి వచ్చాక మరీ ఎక్కువైంది. ఇంకొకటి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. పక్కగది వాళ్ళు ఇప్పటినుంచే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. నాకేమో ఏడుపు రావడం లేదు, ఎప్పుడెప్పుడు ఇంటికి పోతామా అనిపిస్తోంది. నా హజ్‌లో ఏదైనా లోపం ఉందా?

సమాధానం: వ అలైకుముస్సలామ్ సోదరీ.

మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాం, ఎందుకంటే మిగతావన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. మీ ముగ్గురిదీ తవాఫె జియారత్ అయిందా? జిల్‌హిజ్జా (హజ్ నెల) 10న గానీ ఆ తర్వాత గానీ మినా నుంచి వచ్చి చేసే తవాఫ్ అది. అది ఫర్జ్, అది లేకుండా హజ్ పూర్తికాదు. తవాఫె విదా వాజిబ్ (ఫర్జ్ తర్వాతి స్థాయి విధి). చూడటానికి రెండూ ఒకేలా ఏడు చుట్లే కాబట్టి జనం కలగాపులగం చేస్తారు. ‘నెలసరి వస్తే తవాఫ్ మాఫ్’ అని ఎవరో అన్నమాట విని, జియారత్ చేయకుండానే విమానం ఎక్కినవాళ్ళు ఉన్నారు. ఆ మాఫీ విదాకు మాత్రమే. జియారత్‌కు లేదు. మీ అత్తమ్మ మోకాళ్ళ నొప్పితో ‘తర్వాత చేద్దాం’ అని వాయిదా వేసి ఉంటే, ఇవాళే మీ వెంట వచ్చిన స్టేట్ హజ్ ఇన్‌స్పెక్టర్‌కు (ఇదివరకు ఖాదిముల్ హుజ్జాజ్ అనేవారు) చెప్పి, ఒక ఆలిమ్‌ను (ధార్మిక పండితుణ్ణి) అడిగి ముందు ఆ పని తేల్చుకోండి. హనఫీ మజ్‌హబ్‌లో (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) 12వ తేదీ సూర్యాస్తమయం దాటితే జియారత్‌కు ఆలస్యం తాలూకు దమ్ కూడా పడుతుంది.

ముగ్గురిదీ అయిపోయిందనే అనుకుని ముందుకు వెళ్తున్నాం.

మీ నెలసరి సంగతి. దీనికి సూటి జవాబు ప్రవక్త (స) హజ్‌లోనే ఉంది. హిజ్రీ 10లో తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఆయన భార్య హజ్రత్ సఫియ్యా (ర)కు నెలసరి వచ్చింది. ‘ఆమె మనల్ని ఆపేస్తుందా?’ అని ప్రవక్త (స) అడిగారు. ఆమె జియారత్ తవాఫ్ అప్పటికే చేసేశారని చెప్పగా, ‘అయితే బయలుదేరవచ్చు’ అన్నారు. బుఖారీ, ముస్లిం అనే గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు (ప్రవక్త మాటల, చేతల నివేదన) ఇది. అందరి చివరి పనీ కాబా దగ్గరే కావాలనీ, నెలసరిలో ఉన్న స్త్రీకి మాత్రం మినహాయింపు ఇచ్చారనీ హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (ర) చెప్పిన మాట కూడా ఆ రెండు గ్రంథాల్లోనే ఉంది. కాబట్టి బుధవారం మీకు నెలసరి ఉంటే తవాఫె విదా మీమీద లేదు. దమ్ లేదు, మేక లేదు, బదులుగా చేయాల్సింది ఏమీ లేదు. మస్జిద్ లోపలికి వెళ్ళకుండా గుమ్మం బయట నిలబడి దుఆ (వేడుకోలు) చేసుకుని రావచ్చు. అదీ తప్పనిసరి కాదు.

అయినా మీ మనసు నెమ్మదించాలంటే ఒక దారి ఉంది, దీన్ని రేపటికి వాయిదా వేయకండి. హనఫీ ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం) ప్రకారం తవాఫె విదా వేళ జియారత్ తవాఫ్ అయిన క్షణం నుంచే మొదలవుతుంది. ఆ తర్వాత చేసిన నఫిల్ (అదనపు) తవాఫ్ ఏదైనా, విదా అని నియ్యత్ (సంకల్పం) చేయకపోయినా, ఊరు విడిచే వేళకు ఇంకొకటి చేయలేకపోతే విదా కింద సరిపోతుంది. అంటే పవిత్రంగా ఉన్న ఈ ఒకటి రెండు రోజుల్లోనే వెళ్ళి ఒక తవాఫ్ చేసేయండి. విదా నియ్యత్‌తోనే చేసుకోండి, పోయేదేమీ లేదు. బుధవారం వీలైతే మళ్ళీ చేస్తారు, వీలుకాకపోతే మీ ఖాతాలో ఒకటి ఉండనే ఉంటుంది. మన జిల్లాల నుంచి వెళ్ళేవారిలో ఎక్కువమంది హనఫీలు కాబట్టి ఇలా చెబుతున్నాం. మీరు వేరే మజ్‌హబ్ అనుసరిస్తే, ముందే చేసి రోజుల తరబడి ఆగితే అది వీడ్కోలుగా లెక్కకు రాదు, వెళ్ళేముందు మళ్ళీ చేయాలి.

నెలసరి ఆపే మాత్రలు (నోరెథిస్టెరాన్) వేసుకుందామని గదుల్లో ఒకరికొకరు పంచుకుంటుంటారు. జియారత్ కోసం డాక్టరు రాసిస్తే వేసుకున్నవారి సంగతి వేరు. విదా ఒక్కదానికోసం అసలు అవసరం లేదు, మినహాయింపు ఉన్న చోట మందు ఎందుకు? పైగా ఇలాంటి మాత్రలకు రక్తం గడ్డకట్టే ప్రమాదం కొందరిలో ఉంటుంది, ఆ మీదట గంటలకొద్దీ విమానంలో కదలకుండా కూర్చోవాలి. మాత్ర సరిగ్గా పడకపోతే మధ్యమధ్య మరకలు కనిపిస్తాయి, అది నెలసరా కాదా అన్న కొత్త తికమక మొదలవుతుంది. హనఫీ లెక్కలో హైజ్ (నెలసరి) కనీసం మూడు రోజులు, గరిష్ఠంగా పది రోజులు. అటూ ఇటూ అయినదాన్ని ఇస్తిహాజా అంటారు, అందులో వుజూతో (నమాజ్‌కు ముందు చేసే శుద్ధి) తవాఫ్ చేయవచ్చు. మీకు అలాంటి అనుమానం వస్తే తేదీ, వేళ కాగితం మీద రాసుకుని ఆలిమ్‌ను అడగండి. తేదీలు లేకుండా అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఒకవేళ బుధవారం పొద్దున్నకే శుభ్రమైపోయి, బస్సుకు ముందు గుస్ల్ (శుద్ధి స్నానం) చేసి తవాఫ్ చేసే వేళ ఉంటే, అప్పుడు విదా మీమీద తిరిగి వస్తుంది. ఇది గుర్తుంచుకోండి.

ఇక వేళ. బస్సు మూడింటికి అన్నారు కాబట్టి మంగళవారం రాత్రి త్వరగా పడుకుని, బుధవారం తెల్లవారుజామున తహజ్జుద్ (ఫజర్‌కు ముందు చేసే రాత్రి నమాజ్) వేళకు హరమ్‌లో (కాబా ఉన్న మస్జిద్‌లో) ఉండేలా అజీజియా నుంచి బయలుదేరండి. తవాఫ్, రెండు రకాతుల నమాజ్, జమ్‌జమ్ నీళ్ళు, ఆ తర్వాత ఫజర్ (తెల్లవారుజాము) నమాజ్. అక్కడి నుంచి గదికొచ్చి కాస్త తిని, నడుము వాల్చి, స్నానం చేసి బస్సు ఎక్కవచ్చు. ప్రవక్త (స) చేసిందీ దాదాపు ఇలాగే. మినా నుంచి వచ్చి ముహస్సబ్ అనే చోట దిగి, జుహర్, అసర్, మగ్రిబ్, ఇశా నమాజులు అక్కడే చేసి, కొంతసేపు నిద్రపోయి, లేచి వెళ్ళి తవాఫ్ చేశారని హజ్రత్ అనస్ (ర) రివాయత్ (కథనం).

పగటిపూట ఎందుకు వద్దంటున్నామంటే, ఒకటి ఎండ. 2024 హజ్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది, 1,300 మందికి పైగా చనిపోయారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. హజ్ ముగిశాక ఒంట్లో శక్తి మిగలదు, దగ్గు జ్వరాలు ఆ రోజుల్లోనే పట్టుకుంటాయి. రెండోది, చాలామందికి తట్టని విషయం. తవాఫ్ తర్వాతి రెండు రకాతులు హనఫీలలో వాజిబ్. వాటిని అసర్ (సాయంత్రపు నమాజ్) తర్వాత మగ్రిబ్ (సూర్యాస్తమయపు నమాజ్) దాకా గానీ, ఫజర్ తర్వాత సూర్యుడు బాగా పైకొచ్చేదాకా గానీ చేయకూడదు. అసర్ అయ్యాక తవాఫ్ చేసి, మగ్రిబ్ కాకముందే బస్సు ఎక్కాల్సి వచ్చిందంటే ఆ రెండు రకాతులు మెడకు చుట్టుకుంటాయి. మీ బస్సు మూడింటికే కాబట్టి అసర్ బాధ లేదు గానీ, ఫజర్ నమాజ్‌కు ముందే తవాఫ్ ముగించి, ఫజర్ వేళ మొదలవకముందే ఆ రెండు రకాతులు అయ్యేలా చూసుకోండి. ఆలస్యమైపోతే కంగారు పడనక్కర్లేదు. సూర్యోదయం తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు ఆగి చేయవచ్చు. కాబా ఎదుటి మకామె ఇబ్రాహీం (ఇబ్రాహీం ప్రవక్త నిలబడ్డ రాయి) వెనకే చేయాలని లేదు, మస్జిద్‌లో ఎక్కడైనా సరే. గదిలో చేసినా చెల్లుతుంది, అజీజియా కూడా హరమ్ (మక్కా పవిత్ర ప్రాంతం) హద్దుల్లోనే ఉంది.

చేశాక నిద్రపోకూడదు, కొనకూడదు అన్న మాటలు పూర్తిగా గాలిలోంచి పుట్టినవి కావు. షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌లలో విదా చేశాక ప్రయాణపు పనులు తప్ప వేరే పనిమీద ఆగకూడదు, ఆగితే మళ్ళీ చేయాలి. సామాను సర్దడం, బస్సు కోసం ఎదురుచూడడం, దారిలో తినడానికి కొనుక్కోవడం వాళ్ళ దగ్గరా తప్పు కాదు. హనఫీలలో ఆ నిబంధనే లేదు, బయలుదేరే ముందు చేయడం మేలు అంతే. తెల్లవారుజామున చేసి గదిలో రెండు గంటలు కునుకు తీసి మూడింటికి బస్సు ఎక్కితే మీ తవాఫ్‌కు ఏమీ కాదు. బస్సు అయిదు గంటలు ఆలస్యమైనా అంతే. అయితే చివరి రోజు బజారు సంగతి వేరు. షరీయత్ ఒప్పుకున్నా ఒళ్ళు ఒప్పుకోదు. తస్బీలు, జానిమాజులు, ఖర్జూరాలు సోమవారానికల్లా కొనేసి సంచీ మూసేయండి.

ఇది మామూలు బట్టలతో చేసే తవాఫ్. ఇహ్రామ్ (దీక్ష, దాని బట్టలు) లేదు, సఈ (సఫా, మర్వాల మధ్య నడక) లేదు, మీవారు భుజం తెరవక్కర్లేదు, మొదటి మూడు చుట్లు వడివడిగా నడవక్కర్లేదు. వుజూ మాత్రం తప్పనిసరి. మధ్యలో పోతే మళ్ళీ వుజూ చేసుకుని ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు. కాబా మూలలోని నల్లరాయి హజరె అస్వద్‌కు ఎదురుగా పచ్చ దీపం ఉంటుంది, అక్కడ మొదలై అక్కడే ముగుస్తుంది, కాబా ఎడమ చేతివైపు ఉండాలి. ముద్దు పెట్టుకోవాలని జనంలోకి చొచ్చుకుపోకండి, దూరం నుంచి చెయ్యెత్తి బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అంటే చాలు. ఏ చుట్టుకు ఏ దుఆ అని అచ్చేసిన చిన్న పుస్తకాలు దొరుకుతాయి. చుట్టుచుట్టుకీ అలా నిర్ణయించిన దుఆలు లేవు. రుక్నె యమానీ (హజరె అస్వద్‌కు ముందు వచ్చే కాబా మూల) నుంచి హజరె అస్వద్ దాకా ‘రబ్బనా ఆతినా’ చదవడం మాత్రం రుజువైనదే. మిగతా వేళంతా మీ మాటల్లో, మీ తెలుగులో అడుక్కోండి. ఊళ్ళో వాళ్ళు చెప్పమన్న దుఆల జాబితా ఉంటే ఫోన్‌లో వెతుక్కోకుండా చిన్న చీటీ మీద రాసుకెళ్ళండి. నడుస్తూ ఫోన్ చూసేవాళ్ళే ఎక్కువగా పక్కవాళ్ళను గుద్దుకుంటారు. లెక్క తప్పితే ఆ చుట్టు మళ్ళీ చేయడమే, నాలుగా అయిదా అన్నప్పుడు నాలుగే అనుకోండి.

వెనక్కి నడవడం గురించి. కొన్ని పాత గ్రంథాల్లో అదబ్‌గా (మర్యాదగా) ప్రస్తావన ఉంది, చాలామంది ఉలమా (పండితులు) అది సున్నత్ (ప్రవక్త ఆచరణ) కాదన్నారు. తప్పనిసరి అని మాత్రం ఎవరూ అనలేదు. వేలమంది నడుస్తున్న చోట వెనక్కి అడుగులేస్తే చక్రాల కుర్చీలో ఉన్న ముసలావిడ కాళ్ళమీదే పడతాం. ముందుకే నడిచి రండి.

మీ అత్తమ్మ గురించి. ఒంట్లో బాగాలేదని ప్రవక్త భార్య హజ్రత్ ఉమ్మె సలమా (ర) చెప్పుకుంటే, జనం ఫజర్ నమాజ్‌లో ఉండగా వారి వెనకవైపు నుంచి ఒంటె మీద తవాఫ్ చేయమని ప్రవక్త (స) చెప్పారు. ఆమె అలాగే చేశారు. అది సరిగ్గా మక్కా విడిచే రోజు జరిగిన సంగతే. కాబట్టి చక్రాల కుర్చీ అంటే అత్తమ్మ మొహమాట పడనక్కర్లేదు. హరమ్‌లో కుర్చీలు ఉచితంగా ఇచ్చే చోటు ఉంది, తోసే మనిషి కావాలంటే డబ్బు. యూనిఫాం, గుర్తింపు కార్డు ఉన్నవారితోనే మాట్లాడండి, గేటు బయట చెయ్యి పట్టుకుని లాగేవారితో వద్దు. పై అంతస్తులో కరెంటు బండ్లు కూడా ఉన్నాయి, నడవలేనివారికి అవే సుఖం. మీవారే తోస్తే ఇంకా మంచిది, ఇద్దరూ ఎవరి నియ్యత్ వారు చేసుకుంటే ఒకే నడకలో ఇద్దరి తవాఫూ అయిపోతుంది. కుర్చీలను రద్దీలో కింది మతాఫ్‌లోకి (కాబా చుట్టూ తిరిగే ఆవరణ) రానివ్వరు, పైకి పంపుతారు. పై అంతస్తుల్లో చుట్టు చాలా పొడవు, కిందకంటే ఎన్నో రెట్లు. ఏడు చుట్లకు రెండు గంటలు పట్టవచ్చని లెక్కేసుకునే గదిలోంచి బయలుదేరండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఇహ్రామ్‌లో లేని మగవాళ్ళను కూడా రద్దీలో కిందికి వదలరు. మిమ్మల్ని కిందికీ, ఆయన్ను పైకీ పంపితే కలుసుకోవడం కష్టం, చివరి రోజు తప్పిపోయేది ఇలాగే. ముగ్గురూ పైనే చేయండి. లేదా ఏ గేటు దగ్గర, ఎన్నింటికి కలవాలో ముందే అనుకోండి. గేట్ల మీద నంబర్లు ఉంటాయి, కింగ్ అబ్దుల్ అజీజ్ గేటుది 1, కింగ్ ఫహద్ గేటుది 79. ‘గడియారం (క్లాక్ టవర్) కింద’ అనుకోకండి, అందరూ అక్కడే ఉంటారు. బిల్డింగ్ నంబరు రాసిన కార్డు అత్తమ్మ మెడలోనే ఉండాలి. కిందికి పోనిస్తారని తెల్లబట్టలు చుట్టుకుని ఇహ్రామ్‌లో ఉన్నట్టు నటించేవాళ్ళు కనిపిస్తారు. వీడ్కోలు చెప్పడానికి అబద్ధంతో లోపలికి పోవడం ఏం మర్యాదో వాళ్ళే చెప్పాలి.

మీ ఆఖరి మాటకు వద్దాం. ఏడుపు తవాఫ్‌కు షరతు కాదు, హజ్ కబూల్ (స్వీకారం) అయిందనడానికి గుర్తూ కాదు. నలభై రోజులు పరాయి చోట, ఒకే గదిలో నలుగురైదుగురితో, ఎండలో, అత్తమ్మ మందులు చూసుకుంటూ గడిపిన మనిషికి పిల్లలు గుర్తుకురావడం సహజం. ప్రయాణం శిక్షలో ఒక భాగమనీ, తిండినీ నీళ్ళనీ నిద్రనీ దూరం చేస్తుందనీ, వచ్చిన పని పూర్తికాగానే త్వరగా ఇంటివారి దగ్గరికి వెళ్ళాలనీ ప్రవక్త (స) చెప్పినట్టు హజ్రత్ అబూ హురైరా (ర) రివాయత్, బుఖారీ, ముస్లింలలో ఉంది. మీకు ఇప్పుడు కలుగుతున్నది ఆ మాటకు ఎదురేమీ కాదు. పక్కగది వాళ్ళ కన్నీళ్ళు వాళ్ళవి, నిజమైనవే అయి ఉంటాయి. మీరు వాళ్ళతో పోల్చుకోవడం మొదలుపెడితే తవాఫ్‌లో కూడా మీ కళ్ళు తడిశాయా లేదా అనే చూసుకుంటూ ఉంటారు, దుఆ మీద ధ్యాస ఉండదు.

హజ్ క్రియలు ముగిశాక ఏం చేయాలో ఖుర్ఆన్ సూరా బఖరా 200వ ఆయత్‌లో ఉంది. మీ తాతముత్తాతలను తలుచుకున్నట్టు, అంతకంటే ఎక్కువగా అల్లాహ్‌ను స్మరించమంటుంది. ఇలా అనిపించాలి, ఇంత ఏడవాలి అని చెప్పదు. చివరి రోజు మనసుకు ఏదైనా పని పెట్టాలనుకుంటే ఒకటి సూచిస్తాం. మంగళవారం పగలు అరగంట కూర్చుని, ఈ నలభై రోజుల్లో ఎవరితో మాట పెరిగిందో గుర్తు చేసుకోండి. స్నానాల గది వరస దగ్గర, ఫ్యాను దగ్గర, వంట దగ్గర గొడవలు ప్రతి గదిలోనూ ఉంటాయి. బస్సులో కలుస్తారులే అనుకోకుండా వెళ్ళి మాఫీ అడగండి. ఒకే బిల్డింగ్‌లో ఉన్నవారి విమానాలు వేరువేరు రోజుల్లో ఉంటాయి, మళ్ళీ దొరకకపోవచ్చు.

ఇది చదివే మిగతావారికి రెండు మాటలు. మక్కా తర్వాత మదీనా వెళ్ళి అక్కడి నుంచి విమానం ఎక్కేవారికి తవాఫె విదా మక్కా విడిచే రోజునే, దేశం విడిచే రోజు కాదు. మదీనా వెళ్ళాక గుర్తొస్తే మీఖాత్ (ఇహ్రామ్ కట్టాల్సిన హద్దు) దాటినట్టే. అప్పుడు హనఫీలలో దమ్ పంపాలి, లేదా ఉమ్రా (చిన్న యాత్ర) ఇహ్రామ్‌తో తిరిగొచ్చి చేయాలి. దమ్ అంటే హరమ్ హద్దుల్లోనే జరగాలి, నంద్యాలలో కోసినా లెక్కకు రాదు. ఇక ఒట్టి ఉమ్రాకు వెళ్ళినవారి మీద హనఫీలలో విదా వాజిబ్ కాదు, చేస్తే పుణ్యం.

సామాను విషయం. హజ్ కమిటీ వారి పెద్ద పెట్టెలు సాధారణంగా ప్రయాణానికి ఒకరోజు ముందే బిల్డింగ్‌లో తూచి తీసుకెళ్తారు. అంటే మంగళవారానికే అన్నీ సర్దేయాలి. ఒక్కో పెట్టెకు ఎన్ని కిలోలో మీ విమానం కాగితంలో చూసి తూకం వేయించండి. తాడుతో కట్టిన మూటలు, గుండ్రటి సంచులు జిద్దాలో వెనక్కి పంపేస్తారు, గట్టి సూట్‌కేసే తీసుకోండి. మందులు, కళ్ళద్దాలు, ఒక జత బట్టలు, పవర్ బ్యాంకు చేతి సంచీలో ఉండాలి. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టకూడదు, 100 మిల్లీలీటర్లు దాటిన అత్తరు సీసా చేతి సంచీలో పెట్టకూడదు. బట్టల మధ్య జమ్‌జమ్ సీసాలు దాచకండి. స్కానర్‌లో కనబడితే పెట్టె తెరుస్తారు, ఒక్కోసారి పెట్టే ఆగిపోతుంది, మీరొచ్చేస్తారు. హజ్ కమిటీ వారికి తలా అయిదు లీటర్ల జమ్‌జమ్ డబ్బా హైదరాబాద్ విమానాశ్రయంలోనే ఇస్తారు. పూలదండలు పట్టుకుని బయట ఎదురుచూసే చుట్టాల హడావిడిలో దాన్ని మరిచిపోయి రావద్దు. పాస్‌పోర్టులు మక్తబ్ (హాజీల ఏర్పాట్లు చూసే కార్యాలయం) వాళ్ళ దగ్గర ఉంటే, చేతికి రాగానే ముగ్గురివీ తెరిచి ఫొటో చూడండి. ఒకే ఇంటిపేరున్నవారివి తారుమారు అవుతుంటాయి, అది బస్సు కదలకముందే తేలాలి.